చింతగింజల దండు

“ఆయనది చిన్నపిల్లల మనసు. బొమ్మలతో ఆడుకుంటూ బతుకు వెళ్లదీసిన అమాయకుడు” అని మొన్న మా జనగామ బడి ఆవరణలో జరిగిన సంతాప సభలో ఒక నాయకుడు మైకు పట్టుకొని చెప్పాడు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు తలలూపారు. ఒకరిద్దరు కళ్లు కూడా తుడుచుకున్నారు. నేను వెనక బల్ల మీద కూర్చొని పళ్లు కొరుకుతున్నాను. కోపం తెచ్చుకోవద్దని నాకు డాక్టరు గట్టిగా చెప్పాడు. డాక్టరుకేం, ఆయన ఆ సభకు రాలేదు కదా.

అమాయకుడట! మా డ్రాయింగ్ సారును ఎన్ని మాటలైనా అనొచ్చు. మొండివాడు అనొచ్చు, నోటి దురుసు మనిషి అనొచ్చు, ఆటలో తొండి చేస్తాడనొచ్చు. నేనే చాలాసార్లు అన్నాను, ముఖం మీదే అన్నాను. కాని అమాయకుడు అనే మాట ఆయన మీద చల్లడానికి ఆ నాయకుడికున్న అవసరం ఏమిటో నాకు తెలుసు. మనిషిని అమాయకుణ్ని చేస్తే అతను పడ్డ కోపమంతా ఉత్తదైపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను. సారు పేరు రాయను. ఆయన పేరు రాస్తే ఆ నాయకుడి పేరూ రాయాల్సి వస్తుంది. అది నా కలం కిందికి రావడం నాకిష్టం లేదు.

నాది స్టేషన్ రోడ్డులో రంగుల దుకాణం. సారు హైస్కూల్లో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పేవాడు. బచ్చన్నపేట దిక్కు భూములున్న ఇంటి మనిషి. అన్నదమ్ములు వ్యవసాయం, రాజకీయం చూసుకుంటుంటే ఈయన పెళ్లి కూడా చేసుకోకుండా మా ఊళ్లో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ఒక గది తనకు, ఒక గది దండుకు. దండు అన్నది ఆయన మాటే. చూపుడువేలంత ఎత్తున్న పాతకాలపు సిపాయిలు. బల్లేలు పట్టినవాళ్లు, విల్లు ఎక్కుపెట్టినవాళ్లు, గుర్రాల మీద కొందరు, ఏనుగుల మీద కొందరు. చూడవచ్చిన వాళ్లు ఎవరైనా నోరు జారి “బొమ్మలు భలే ఉన్నయ్ సారూ” అన్నారంటే అయిపోయారే.

“బొమ్మలు గాదు, దండు. బొమ్మ కిందవడితె ఇరుగుతది. సిపాయి కిందవడితె సస్తడు. ఫరక్ ఎరుకేనా?”

ఈ ఆట ఆయనకు కాజీపేట నుంచి వచ్చింది. అక్కడి రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరుతో సారుకు దోస్తీ. ఆ డ్రైవరు నౌకరి వదిలి ఆస్ట్రేలియా పోతూ పోతూ ఒక డబ్బా నిండా సీసపు సిపాయిలను, ఆడే పద్ధతి రాసున్న చిన్న పుస్తకాన్ని ఈయన చేతిలో పెట్టి పోయాడు. ఆట ఇంతే. బల్ల మీద రెండు సైన్యాలను ఎదురెదురుగా నిలబెట్టాలి. వంతులవారీగా జరపాలి. అందేంత దగ్గరికి వచ్చాక పాచికలు వేయాలి. పాచిక చెప్పినంతమంది చచ్చినట్టు. వాళ్లను బల్ల మీది నుంచి తీసేయాలి. ఎవరి వరుస చెదిరిపోతే వాళ్లు ఓడినట్టు.

వినడానికి సులువుగానే ఉంటుంది. ఆడితే గాని తెలియదు, అందులో ఎంత ఒళ్లుమంట ఉందో. డబ్బాలో పాచికలు లేవు కాబట్టి పచ్చీసు గవ్వలు వేసేవాళ్లం. బల్ల అంటే రెండు బడి బెంచీల మీద పరిచిన పాత తలుపు. పుస్తకంలో కొలతలన్నీ అంగుళాల్లో ఉంటే సారు వాటిని జానల్లోకి మార్చాడు. నడిచే సిపాయి ఒక జాన పోవాలి, గుర్రం రెండు జానలు. ఆయనవి చాటలంత చేతులు. నావి చిన్న చేతులు, కుంచెలు పొట్లం కట్టుకునే చేతులు. ఆయన గుర్రం దూకితే తలుపు సగం దాటేది. నా గుర్రం కుంటుకుంటూ పోయేది.

“ఇదేం న్యాయం సారూ? గుర్రం గుర్రమే గద!”

“నీ గుర్రం నీ జానెడే పోతది సేటూ. నిన్ను పుట్టించినోన్ని అడుగు పో.”

నేను మరుసటి ఆదివారం దర్జీ దగ్గర టేపు తెచ్చి బల్ల మీద పడేశాను. ఆయన దాన్ని తీసి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. ఆ రోజు ఆట లేదు. ఇక ఈ మనిషి గడప తొక్కేది లేదని ఒట్టేసుకున్నాను. మళ్లీ ఆదివారం పొద్దున్నే నా కాళ్లు అటే పోయాయి. ఏం చేస్తాం?

డ్రైవరు ఇచ్చిన సిపాయిలు రోమను సిపాయిలు. మోకాళ్ల పైకి గుడ్డ, తల మీద కోడిజుట్టు టోపీ. వాళ్లను చూడగానే సారుకు తిక్క రేగిందట. “గీ లంగలేస్కున్నోళ్లు ఓరుగల్లు కోటకు కావలుంటరా?” అని ఆకురాయి తీసుకొని కోడిజుట్లన్నీ రాకేశాడు. తరవాత చేర్యాల పోయి, బొమ్మలు చేసి రంగులద్దే నకాషీ వాళ్ల ఇళ్లలో కూర్చొని వాళ్ల పని నేర్చుకున్నాడు. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడకబెడితే జిగురవుతుంది. అందులో సన్నగా జల్లించిన రంపపు పొట్టు కలిపి పిసికితే మెత్తటి ముద్ద వస్తుంది. ఆ ముద్దతో రోమనుకు తలపాగా చుట్టేవాడు, ధోతి కట్టేవాడు, మీసం పెట్టేవాడు. కొందరికి చిన్న బొజ్జ కూడా పెట్టేవాడు. ఆరిందంటే రాయే. పెంబర్తి ఇత్తడి పనివాళ్ల దగ్గర రాలిన రేకు తునకలు ఏరుకొచ్చి గుండ్రటి డాళ్లు కొట్టేవాడు. సైకిలు బ్రేకు తీగ విప్పితే వచ్చే పోగులు బల్లేలు. రోమనులు అయిపోయాక ఇనుప తీగకు ముద్ద అద్ది మొత్తం మనిషినే తయారు చేసేవాడు.

రంగులకు నా దుకాణం. అక్కడ మొదలయ్యేది మా రెండో యుద్ధం.

“సేటూ, నీ రంగేసినంక నా దండు పెండ్లికి పోతున్నట్టున్నది. కొట్లాటకు పోయెటోడు గిట్ల మెరుస్తడా?”

బచ్చన్నపేట తోవ మీది ఎర్రదుమ్ము సంచిలో తెచ్చి, పాత ధోతిలో జల్లించి, నా కళ్ల ముందే నా కొత్త రంగు డబ్బాలో కలిపేవాడు. నాకు కడుపు మండేది. కంపెనీ వాళ్లు అంత శ్రద్ధగా మూత బిగించి పంపేది ఇందుకా? ఆ రంగు పడ్డాక మాత్రం సిపాయిలు నిజంగా ఎండన పడి నడిచొచ్చిన మనుషుల్లా కనిపించేవాళ్లు. అది చూసి నోరు మూసుకునేవాణ్ని. మెచ్చుకుంటే ఆయనను పట్టలేం.

ఏ రెండు ముఖాలూ ఒక్కతీరుగా ఉండకూడదని ఆయన పట్టు. దాని కోసం అంగడి రోజున బస్టాండు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ల ముఖాలు గుచ్చి గుచ్చి చూసేవాడు. ఒకసారి ఒక మేకల బేరగాడు ఎదురు తిరిగాడు.

“ఏంది సారూ, గట్ల జూస్తున్నవ్? నా మొకంల సిన్మ నడుస్తున్నదా?”

“నీ ముక్కు గావాలె. జర గట్లనే నిలవడు.”

నేను మధ్యలో పడకపోతే ఆ రోజు సారు ముక్కు మిగిలేది కాదు. అట్లా మా ఊరి మనుషులు ఒక్కొక్కరే దండులో చేరారు. చాయ్ హోటలాయన ఏనుగు మీద మావటి. మంగలాయన విలుకాడు. స్టేషన్లో మూటలు మోసే మనిషి బల్లెం పట్టుకొని మొదటి వరుసలో. నన్ను మాత్రం ఎదుటి సైన్యంలో పెట్టాడు, గుర్రం మీద, బట్టతలతో సహా. ఈ సంగతి ఊరంతా పాకింది. సోమవారం పొద్దున మేమిద్దరం చాయ్‌కి పోతే హోటలాయన గ్లాసు చేతిలోనే పట్టుకొని నిలబడేవాడు.

“సారూ, నిన్న నేను బతికిన్నా?”

“ఏన్గు మీదికెల్లి వడ్డవ్. సేటు గుర్రాలు తొక్కినయ్.”

“గదేంది సారూ, పోయినవారం గూడ సంపితివి! నేను నీకేం జేసిన?”

ఆ రోజు మా ఇద్దరి చాయ్ నీళ్లలా ఉండేది. నవ్వులాటే గాని, అడగనివాడు లేడు. సారు ఎవరి మీదా దయ చూపేవాడు కాదు. గవ్వలు ఏం చెబితే అదే. బల్ల మీద పడ్డవాణ్ని తీసి పక్కన గంపలో వేసేవాడు, వాడు ఎంత దగ్గరివాడైనా సరే.

చేర్యాల నుంచి ఆయన తెచ్చుకున్నది పని ఒక్కటే కాదు, ఒక పట్టింపు కూడా. అక్కడ రంగులన్నీ వేయడం అయ్యాక చిట్టచివర కళ్లు పెడతారట. అప్పటిదాకా అది పొట్టు, జిగురు. కళ్లు పెట్టాక ఇక దాని మీద ఉలి ఆనించరట. సారు గుడి మెట్లెక్కే మనిషి కాదు, అయినా ఈ ఒక్కటీ బుర్రకెక్కించుకున్నాడు. పైగా దానికి తన సొంత నియమం ఒకటి తగిలించాడు. కళ్లు తెరిచిన సిపాయి ఆదివారం బల్ల మీదికి రావాల్సిందే. అద్దాల బీరువాలో నిలబడతానంటే కుదరదు.

“కండ్లు దెరిసినోడు కొట్లాటల ఉండాలె సేటూ. సూసుకుంట కూసుంటె వాడు బొమ్మనే.”

మధ్యలో ఆయనను మానుకోట బడికి బదిలీ చేశారు. పెద్దింటి మనిషి కదా, అన్నదమ్ములకు ఒక మాట చెబితే ఆగిపోయేది. చెప్పలేదు. దండునంతా దూదిలో చుట్టి ఇనుప ట్రంకులో సర్దుకొని రైలెక్కడానికి వచ్చాడు. నేను సాగనంపడానికి పోయాను. ప్లాట్‌ఫారం మీద ఎవరో పెద్దమనిషి వచ్చి ట్రంకు మీద హాయిగా కూర్చున్నాడు.

“లే! లే! నీ కింద ఏన్గులున్నయ్!” అని సారు అరిచిన అరుపుకు ఆ పెద్దమనిషి నిజంగానే ఎగిరి దూకాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. సారు వంగి ట్రంకు తాళం చూసుకుంటుంటే ఆయన చొక్కా జేబులోంచి దూది చుట్టిన చిన్న పొట్లం ఒకటి జారి నా కాళ్ల దగ్గర పడింది. తీసి విప్పాను. పిల్లవాడు. మీసం ఇంకా సరిగా రాని ముఖం, పెద్ద చెవులు, చేతిలో బల్లెం. రంగులన్నీ వేసి ఉన్నాయి. కళ్లు లేవు. కళ్లుండాల్సిన చోట ఉత్త చర్మం రంగు.

“ఈయనెవరు సారూ? ట్రంకుల ఎందుకు వెట్టలేదు?”

ఆయన పొట్లం నా చేతిలోంచి లాక్కున్నాడు. దూదిలో మళ్లీ చుట్టి జేబులో పెట్టుకున్నాడు. రైలు ఆలస్యమని మైకులో చెప్పారు. అప్పుడు చెప్పాడు. ఆ పిల్లవాడు జఫర్‌గఢ్ దిక్కు వాడు. తల్లికి దూరంగా మా ఊళ్లో చుట్టాలింట్లో ఉండి సారు బళ్లోనే పదో తరగతి చదివేవాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఊరేగింపులో ఉండగా తూటా తగిలి చనిపోయాడు. ఆ సంగతి నాకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. నాకు తెలియనిది తరవాత చెప్పాడు.

“ఆ పొద్దు బడి గేటు కాడ నన్నడిగిండు సేటూ. సార్, మా అవ్వ వద్దంటున్నది, పోవాల్నా అని. పోరా, గాజులేస్కోని ఇంట్ల కూసుంటవా అన్న. నేనే అన్న.”

“మరి కండ్లెందుకు వెట్టలేదు?”

“వెడితె బల్ల మీదికి రావాలె. వస్తె నువ్వు గవ్వలేస్తవ్. ఒక్కపారి సచ్చినోన్ని నేను ఆదివారం ఆదివారం సంపాల్నా?”

“అయితే బల్ల మీదికి తేకు. కండ్లు వెట్టి ఇంట్ల వెట్టుకో. నీ నియమమే గద, నువ్వే తీసెయ్.”

“అప్పుడు వాడు బొమ్మయితడు” అన్నాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇటు పోనివ్వడు, అటు పోనివ్వడు. పిల్లవాణ్ని దూదిలో చుట్టి గుండె మీద పెట్టుకొని తిరుగుతాడు. ఇదేం ప్రేమ? మానుకోట నుంచి శనివారం సాయంత్రం రైలుకు వచ్చేసేవాడు, ఆదివారం ఆట మామూలే, జేబులో పొట్లం మామూలే. మళ్లీ మా ఊరికే బదిలీ అయి వచ్చాక కూడా అంతే. ఈ విషయం మీద నేను అన్నప్పుడల్లా ఆయన గవ్వలు గలగలలాడించి “నీ వంతు” అనేవాడు.

ఇప్పుడు మన నాయకుడి దగ్గరికి వద్దాం. ఆయన సారుకు వరసకు తమ్ముడు. ఉద్యమం రోజుల్లో మా బడి ప్రహరీ గోడ ఎక్కి నిలబడి, వెనక్కి తిరిగి చూసేవాడు మనోడు కాదని పిల్లలను ఉర్రూతలూగించిన మనిషి. ఆ పిల్లలు పోయారు. ఈయన గోడ దిగి ఇంటికి పోయాడు. తరవాత వెనక్కి తిరగడమేమిటి, అవతలి గట్టుకే పోయి చాపేసుకొని కూర్చున్నాడు. మెడలో కండువా రంగు మారింది. పంచాయతీ సమితిలో కుర్చీ వచ్చింది. ఉద్యమం సంగతి చాలా ఏళ్లు ఆయన నోటివెంట రాలేదు. మళ్లీ ఎలక్షన్లు దగ్గరపడ్డాక ఒక ఆదివారం జీపు వేసుకొని సారు ఇంటికి వచ్చాడు. మేం ఆట మధ్యలో ఉన్నాం.

“అన్నా, జఫర్‌గఢ్ పిలగాని బొమ్మ నీ తాన ఉన్నదట గద. జర కండ్లు వెట్టియ్యే. అమరుల సభ వెడుతున్నం. వాళ్ల అవ్వను స్టేజి మీదికి పిలిచి నా చేతుల మీదుగ ఇస్తె మంచిగుంటది. పేపరోళ్లు గూడ వస్తరు.”

సారు చేతిలో ఆకురాయి ఉంది. దాన్ని కింద పెట్టలేదు.

“గోడెక్కి పొమ్మన్నది నువ్వు. గేటు కాడ పొమ్మన్నది నేను. మనిద్దరం బతికే ఉన్నం. ఇంక వానితోని ఫొటువ గూడ దిగుతవారా?”

“గది కాదన్నా, అవ్వకు గింత సంతోషం…”

“జీపెక్కు. లేకుంటె గీ ఆకురాయితోని నీ మొకం గీకి నున్నగ జేస్త.”

జీపు పోయింది. మొన్నటి సభలో ఈ మనిషే, ఆ తల్లికి కొడుకు బొమ్మను ఇప్పించింది తానేనని కూడా చెప్పుకున్నాడు. చెప్పి, గొంతు పట్టేసినట్టు ఒక్క క్షణం ఆగి నీళ్లు తాగాడు. నా పక్కన కూర్చున్నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకోకపోతే నేను లేచి ఏం చేసేవాణ్నో.

జరిగింది నేను చూశాను. జీపు వచ్చిపోయిన తరవాతి ఆదివారం, మేం దండును బారులు తీర్చి అప్పుడే మొదలుపెట్టబోతున్నాం. గుమ్మంలో ఒకామె నిలబడింది. ముతక చీర, చెప్పుల్లేని కాళ్లు, మోకాళ్ల దాకా దుమ్ము. జఫర్‌గఢ్ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ వచ్చి, అక్కడ బస్సు మారి వచ్చిందట.

“డ్రాయింగ్ సారిల్లు గిదేనా? నా కొడుకు నీ తాన ఉన్నడట.”

సారు లేచి నిలబడ్డాడు. కూర్చోమని కూడా అనలేకపోయాడు. నేనే కుర్చీ జరిపాను. ఆమె కూర్చోలేదు.

“జీపుల వచ్చి చెప్పిండ్రు. స్టేజి మీద ఇస్తరట. నా కొడుకును నాకియ్యనీకి స్టేజెందుకు? అందుకే నేనే వచ్చిన. వానిది ఒక్క ఫొటువ గూడ లేదు బాంచెన్. మొకం మర్సిపోతున్న. యాది జేసుకుంటె ఒకపారి వస్తది, ఒకపారి రాదు. జర సూపెట్టు.”

సారు జేబులోంచి పొట్లం తీశాడు. దూది విప్పి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పిల్లవాణ్ని అరచేతిలో పడుకోబెట్టుకొని కిటికీ దగ్గరికి పోయింది. బొటనవేలితో చెవులు తడిమింది.

“చెవులు వానియే” అంది. మళ్లీ చూసింది. ముఖం దగ్గరికి తెచ్చుకొని చూసింది. “కండ్లేవి?”

బల్ల మీది వాళ్లను వేలితో చూపింది.

“గా తలుపు మీద నిలవడ్డోళ్లందరికి కండ్లున్నయ్ గద. నా కొడుక్కేవి?”

సారు చెప్పాడు. తడబడుతూ, మొదలు చివర లేకుండా చెప్పాడు. కళ్లు పెడితే కొట్లాటలోకి రావాలని, వస్తే గవ్వలు పడతాయని, తన చేతులతో మళ్లీ ఆ పని చేయలేనని. వింటున్నకొద్దీ ఆమె ముఖం మారిపోయింది. నేను అప్పటిదాకా సారును మించిన కోపిష్టిని చూడలేదు.

“ఎన్నేండ్లాయె వాడు పోయి? ఇన్నేండ్ల సంది నా కొడుకును గుడ్డోన్ని జేసి జేబుల వెట్టుకోని తిరుగుతున్నవా? వానికి కండ్లు వెట్టనీకి, వెట్టకపోనీకి నువ్వెవలు?”

“పొమ్మన్నది నేనే అవ్వా” అన్నాడు సారు. “వాడు నన్నడిగిండు. నేనే పొమ్మన్న. నేను వద్దంటె…”

“నువ్వంటెనే పోయిండా? వారం ముంగట నేను వచ్చిన. చెయ్యి వట్టి గుంజిన, ఇంటికి రారా అని. కాళ్లు మొక్కిన. ఇన్నడా? కన్నతల్లి మాట ఇననోడు నీ మాట ఇంటడా? నిన్నడిగిండంటె, అప్పటికే కాలు బైటవెట్టి అడిగిండు. వాడు పోయింది వాని సోయితోని, వాడనుకోనే. గది గూడ నీదే అంటవా?”

సారు గోడకు ఆనుకొని కూలబడ్డాడు. అన్నేళ్లు నేను మొత్తుకున్నా కదలని మనిషి ఆమె మాటకు కదిలాడు. ఆమె ఆయనను పట్టించుకోలేదు. గుమ్మం మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల విరిచింది. బల్ల మీదున్న నల్లరంగు డబ్బాలో ముంచింది. పసిపిల్లకు కాటుక పెట్టేటప్పుడు పట్టుకున్నట్టు ఎడమచేత్తో వాడి తల పట్టుకొని, ఊపిరి బిగబట్టి, ఒక కన్ను పెట్టింది, మరొక కన్ను పెట్టింది. ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. ముఖానికి పెద్దవయ్యాయి. మీసం ఒక్క వెంట్రుక వాసి తేడా వస్తే ముఖమంతా గీకి మళ్లీ వేసే సారు నోరెత్తలేదు.

“గిట్లనే జూసేటోడు” అందామె. “బువ్వ కాడ కూసోని గిట్లనే జూసేటోడు.”

కాసేపటికి సారు మెల్లగా లేచాడు. ఆయన మొండితనం ఎంతటిదంటే, ఆ స్థితిలో కూడా అన్నాడు. “అవ్వా, కండ్లు దెరిసిండు. ఇగ దండుల నిలవడాలె.”

నాకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. ఆమె మాత్రం కోప్పడలేదు. రంగు ఆరేదాకా నోటితో ఊదింది. కొంగున కట్టుకొని ముడి గట్టిగా బిగించింది.

“ఒక్కపారి నిలవడ్డడు గద సారూ. ఇగ సాలు. ఇంటికి దీస్కపోత.”

వెళ్లిపోయింది. బస్టాండు దాకా వస్తామంటే వద్దంది. అమరుల సభ రోజున నాయకుడి జీపు జఫర్‌గఢ్ పోయి ఉత్తదే తిరిగి వచ్చిందని తరవాత విన్నాను. ఆ జీపును తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

ఆ పై ఆదివారం నేను పోయేసరికి సారు దండును నిలబెట్టి ఉన్నాడు. మొదటి వరుస మధ్యలో, మూటలు మోసే ఆయన పక్కన, ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. వరుసలో ఖాళీ ఉంటే అందులోంచి దూరి వెనక ఉన్నవాళ్లను కొట్టవచ్చునని పుస్తకంలోనే ఉంది. నేను నా గుర్రాలను అటే తోలాను. సారు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆడ మనిషున్నడు.”

“ఏడి సారూ? వరుసల తొర్రి కనవడుతున్నది గద!”

“ఉన్నడు. కండ్లు దెరిసిండు, దండుల లెక్కనే. ఇంటికి పోయిండు, గంతె. నీ గుర్రాలు సుట్టు తిరిగి రావాలె.”

“లేని మనిషిని ఎట్ల కొట్టాలె? గవ్వలెట్ల ఎయ్యాలె?”

“కొట్టనీకి రాదు. గిది ఆటల కొత్త నియమం.”

తొండి. పచ్చి తొండి. ఊరి నడిబజారులో నిలబడి అయినా చెబుతాను, అంతటి తొండి ఏ ఆటలోనూ ఎవరూ చేసి ఉండరు. అరిచాను. ఆయన నాకంటే గట్టిగా అరిచాడు. పక్కింటివాళ్లు వచ్చి చూసిపోయారు. ఆయన బతికినన్నాళ్లూ ఆ ఖాళీ అక్కడే ఉంది, ప్రతి ఆదివారం దాని మీద పోట్లాడాను. పోట్లాడుతూనే నా గుర్రాలను చుట్టు తిప్పి తోలాను.